డబ్బు పేరుకా? పీచుకా?

పోయిన నెల సరుకుల చీటీ రాస్తుంటే నా కలం ఒకచోట ఆగింది. కందిపప్పు, మినపగుళ్ళు, నూనె, చింతపండు... వీటి ధరలన్నీ మనకి నోటికొచ్చు. "పోయినసారి కంటే నాలుగు రూపాయలు ఎక్కువేశారేం?" అని షాపతన్ని నిలదీస్తాం కూడా. అదే చీటీ చివర్లో "గిన్నెలు తోమే పీచు" అని రాస్తామా, దాని ధర మాత్రం ఎవరం అడగం. కొట్టువాడు ఏదిస్తే అది సంచిలో వేసుకుని వచ్చేస్తాం.

ఇంకో చిత్రం కూడా ఉంది. స్కాచ్ బ్రైట్ అనేది త్రీ ఎం అనే అమెరికా కంపెనీ వాళ్ళ పేరు. కానీ మన వీధుల్లో ఆకుపచ్చగా, గరుగ్గా ఉన్న ప్రతి పీచూ "స్కాచ్ బ్రైటే"! మనం ఆ పేరు చెప్పి అడుగుతాం, అతను వేరే ఏదో పేరున్న పీచు ఇస్తాడు, మనం చూడనైనా చూడకుండా తెచ్చుకుంటాం. అంటే ఒక్కోసారి పేరున్న సరుక్కి డబ్బిచ్చి పేరులేనిది తెచ్చుకుంటున్నాం. ఒక్కోసారి పేరులేనిది బాగానే పనిచేస్తున్నా పేరు కోసం రెట్టింపు పోస్తున్నాం. రెండూ నష్టమే కదా? అందుకే ఈ వారం మన ముచ్చట పీచుల గురించి. నవ్వకండి! రోజుకి మూడుపూటలా మన చేతిలో ఉండే వస్తువు అది. పట్టుచీర అయినా ఏడాదికి నాలుగుసార్లే ముట్టుకుంటాం.

అసలు ఆ పీచులో ఏముంది?

ఆకుపచ్చ పీచుని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. సన్నటి నైలాన్ దారాలో, పాలిస్టర్ దారాలో చిక్కుపడినట్టు అల్లుకుని ఉంటాయి. ఆ దారాలని జిగురులాంటి పదార్థంతో అతికించి, అందులోనే గరుకు పొడి కలుపుతారు. మాడిన అడుగుని గీకేది ఆ గరుకు పొడే. గరుకు తక్కువగా ఉండే రకం సాధారణంగా నీలం రంగులోనో తెలుపులోనో వస్తుంది. పేరులేని సరుకులో మాత్రం రంగుని నమ్మకండి, వేలితో రాసి చూస్తేనే తెలుస్తుంది.

పసుపు రంగు స్పాంజీ మీద ఆకుపచ్చ పీచు అతికించినది ఇంకో రకం. ఆ పసుపుది ప్లాస్టిక్ జాతికి చెందిన నురగ. గట్టు తుడుచుకునే పల్చటి స్పాంజీ ఒకటి ఉంటుంది చూడండి, ఎండితే అప్పడంలా బిర్రబిగిసి, తడిస్తే ఉబ్బి మెత్తబడేది, అది చెక్క గుజ్జు నుంచి వచ్చిన సెల్యులోజ్. నీళ్ళు బాగా పీలుస్తుంది.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. అందుకే చిన్న కంపెనీలు కూడా చక్కగా చేయగలుగుతున్నాయి. కొందరు అడ్డదిడ్డంగానూ చేస్తున్నారు. మంచిదేదో తేల్చుకోవడమే మన పని.

లెక్క కట్టే పద్ధతి

నేను మూడు రకాలు కొన్నాను. పేరున్నది ఒకటి 30 రూపాయలు, పేరులేని వాటిలో ఒకటి 15, అన్నిటికన్నా చవకది 8. కొత్త పీచు తీసిన రోజున గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ దగ్గర చిన్న గుర్తు పెట్టాను. పనికిరాకుండా పోయిన రోజున ఇంకో గుర్తు.

8 రూపాయలది ఐదు రోజులకే పోగులు పోగులుగా ఊడిపోయింది. అంటే రోజుకి 1 రూపాయి 60 పైసలు. 30 రూపాయలది 20 రోజులు వచ్చింది, రోజుకి రూపాయిన్నర. 15 రూపాయలది 15 రోజులు నిలబడింది, రోజుకి ఒక్క రూపాయి. చూశారా! అన్నిటికన్నా చవకనుకున్నదే అన్నిటికన్నా ఖరీదైంది. పేరున్నది రెండోది. మధ్యలోదే గెలిచింది.

మీ ఇంట్లో మీ గిన్నెలకి లెక్క వేరుగా రావచ్చు. నా అంకెలు పట్టుకోకండి, పద్ధతి పట్టుకోండి. ధరని రోజులతో భాగించడమే. నేను ఇంటర్ దాకానే చదివాను, దీనికి ఆ చదువు కూడా ఎక్కువే.

అయితే ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది.

ఎన్నాళ్ళు వాడాలి?

"మా పీచు రెండు నెలలైనా చెక్కు చెదరలేదు" అని కొందరు గొప్పగా చెబుతారు. పీచు చెదరకపోవచ్చు, అందులో కాపురముంటున్న క్రిములు కూడా చెదరవు! 2017లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఇళ్ళల్లో వాడుతున్న 14 వంటింటి స్పాంజీలు తెచ్చి పరీక్షించారు. వాటిలో 362 రకాల సూక్ష్మక్రిములు కనిపించాయి. బాగా కిక్కిరిసిన చోట్ల ఒక్క ఘన సెంటీమీటరులో ఐదువేల కోట్లకు పైగా ఉన్నాయట. అన్నీ జబ్బు తెచ్చేవి కావనుకోండి. అయినా తడి, వెచ్చదనం, మెతుకుల తిండి మూడూ ఒకేచోట దొరికితే అవి ఎందుకు ఊరుకుంటాయి?

స్పాంజీని ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తున్నామని చెప్పిన ఇళ్ళ స్పాంజీలు కూడా పెద్ద తేడాగా ఏం లేవట. వేడినీళ్ళలో మరిగిస్తే కొన్ని చస్తాయి, మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి. అందుకని మరిగించి మరిగించి నెలల తరబడి వాడదామనుకోవడం పొరపాటు. వారం వారం మార్చమనే ఆ శాస్త్రజ్ఞుల సలహా. మన బడ్జెట్టుకి అది కుదరకపోతే పదిహేను రోజులకైనా మార్చాలని నేను నియమం పెట్టుకున్నాను. వాసనొస్తే ఆ గడువు కూడా చూడను.

ఇప్పుడు మళ్ళీ లెక్కలోకి రండి. పదిహేనో రోజుకి ఎలాగూ తీసేయాల్సిందే అయితే, ఇరవై రోజులు మన్నే పీచుకి ఎక్కువ డబ్బు ఎందుకు పోయాలి? 30 రూపాయలది పదిహేను రోజులకే తీసేస్తే రోజుకి రెండు రూపాయలు పడుతుంది. 15 రూపాయల దానికి రూపాయే. ఏడాదికి 365 రూపాయలు మిగిలినట్టేగా! పైగా చవకది అయితే పారేయడానికి చెయ్యి వస్తుంది. ఖరీదైనదైతే "ఇంకో వారం చూద్దాంలే" అని దాచిపెట్టే బుద్ధి మనది.

పారేయడమంటే చెత్తబుట్టలో వేయడమే కాదు. గిన్నెల దగ్గర పీచు నిండుగా నాలుగు మూలలతో ఉంటుంది. పదిహేను రోజులయ్యాక ఒక మూల కత్తిరించి సింకుకీ, స్టవ్ గట్టుకీ పెడతాను. అక్కడ పనయ్యాక రెండో మూల కత్తిరిస్తే బాత్‌రూముకి. ఇంట్లో ఎవరి చేతికి దొరికినా మూల చూస్తే అది ఎక్కడిదో తెలిసిపోతుంది. కోడి, చేప కడిగిన చోటు తుడిచిన గుడ్డనీ, పీచునీ మాత్రం మళ్ళీ గిన్నెల దగ్గరికి రానివ్వకండి.

ఇంకొక్క మాట. పని అయ్యాక పీచుని సబ్బు గిన్నెలో నానబెట్టి వదిలేయడం మనందరికీ అలవాటు. మానేయండి. కడిగి, గట్టిగా పిండి, గాలి తగిలేలా నిలబెట్టండి.

షాపులో చేసే పరీక్షలు

పేరులేని పీచు కొనేముందు మొదట మూల పట్టుకుని లాగండి. పోగులు వేళ్ళకి వస్తే అక్కడే వదిలేయండి. తర్వాత రెండు వైపులా వేలితో రాయండి. ఒకవైపు గరుకుగా, రెండోవైపు నున్నగా ఉంటే గరుకు పొడి సరిగ్గా పట్టలేదన్నమాట. గట్టిగా నలిపి వదిలితే మళ్ళీ తన ఆకారానికి రావాలి. ఘాటుగా రంగు వాసన కొట్టే సరుకు వద్దు.

ముందు ఒకటే కొనండి. ఇంటికి తెచ్చి గోరువెచ్చటి నీళ్ళలో రాత్రంతా ఉంచండి. పొద్దున్నకి నీళ్ళు ఆకుపచ్చగా మారినా, స్పాంజీ నుంచి పీచు విడిపోయినా ఆ రకానికి దణ్ణం పెట్టేయండి. బాగుంటే అప్పుడు డజను తెచ్చుకోవచ్చు. ఒకటి చూడకుండానే పాతిక ఉన్న ప్యాకెట్టు కొనేసి, ఆ పాతికనీ ఏడుస్తూ వాడిన అనుభవం నాకుంది!

తెల్ల స్పాంజీ మాయ

ఈమధ్య తెల్లగా, తేలిగ్గా, సుద్దముక్కలా ఉండే స్పాంజీ వచ్చింది. సబ్బు లేకుండా నీళ్ళతో తడిపి రుద్దితే గోడమీద పిల్లల గీతలు, స్విచ్చిబోర్డు మీద మరకలు ఇట్టే పోతాయి. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ వాళ్ళు 2003లో దీన్ని మిస్టర్ క్లీన్ మేజిక్ ఎరేజర్ పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. మేజిక్కేమీ కాదు, అది మెలమైన్ నురగ. మనింట్లో మెలమైన్ పళ్ళేలు ఉంటాయి చూడండి, ఆ కుటుంబమే. జర్మనీ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. ఈ నురగని చప్పుడునీ వేడినీ ఆపడానికని గోడలకీ రైలుపెట్టెలకీ తయారుచేస్తుంది. మరకలకి పనికొస్తుందని తర్వాత తెలిసింది.

చేతికి మెత్తగా అనిపించినా దాని సన్నటి పోగులు చాలా గట్టివి. అది చాలా నాజూకైన గరుకుకాగితం అన్నమాట. మరకని కరిగించదు, గీకేస్తుంది. గీకుతూ తను కూడా పెన్సిలు రబ్బరులా అరిగిపోతుంది. మామూలు రకంలో వేరే మందేమీ ఉండదు కాబట్టి పేరులేని పది ముక్కల ప్యాకెట్టు కూడా అదే పని చేస్తుంది. తేడా అంతా చిక్కదనంలో ఉంటుంది. వేళ్ళతో నొక్కితే గట్టిగా ఎదురొచ్చేది కాస్త ఎక్కువరోజులు వస్తుంది. నొక్కగానే గుంటపడి పిండిలా రాలేది రెండు రుద్దులకే అయిపోతుంది. ఏ రకమైనా కావలసినంత ముక్క కత్తిరించుకుని వాడితే ఆదా.

పేరున్నదైనా, లేనిదైనా జాగ్రత్తలు మాత్రం ఒకటే. మెరిసే వస్తువుల మీద వాడకండి. కళ్ళజోడు, నాన్‌స్టిక్ పెనం, కారు రంగు, టీవీ తెర జోలికి అసలు వెళ్ళొద్దు. సున్నం వేసిన గోడ మీద రుద్దితే మరకతోపాటు సున్నమూ వస్తుంది. పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఒంటిమీద రుద్దుకుంటే చర్మం చెక్కుకుపోయి మండుతుంది. నేను ఫ్రిజ్ తలుపు మీద స్టిక్కరు జిగురు పోవాలని ఉత్సాహంగా రుద్దాను. జిగురు పోయింది. దాంతోపాటు అరచేయంత మేర మెరుపు కూడా పోయింది. అప్పట్నుంచి అక్కడ ఎప్పుడూ ఏదో ఒక బొమ్మ అయస్కాంతంతో అంటించి ఉంటుంది. వచ్చినవాళ్ళు "ఎంత అందంగా పెట్టారండీ" అంటుంటే నాకు లోపల నవ్వొస్తుంది! ముందు కనపడని మూల ఒకసారి రుద్ది చూసి ఉంటే ఆ బొమ్మ అవసరమే ఉండేది కాదు.

అరిగిన పొడి ఎక్కడికి పోతుందనేది కూడా ఆలోచించాలి. ఒక గ్రాము మెలమైన్ స్పాంజీ అరిగితే కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు సుమారు 65 లక్షల దాకా రాలుతాయని 2024లో వచ్చిన పరిశోధన ఒకటి లెక్క కట్టింది. అవన్నీ మన కాలవల్లోకే. కాబట్టి తడిగుడ్డతో పోయే మరకకి దీన్ని తియ్యకండి. మొండి మరకకే దాచుకోండి. తినే పళ్ళేలకి అసలే వద్దు.

పెరట్లో కాసే పీచు

నేతిబీరకాయలో నేతి చందం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పేరులోనే నెయ్యి, కాయలో చుక్క ఉండదు. కానీ ఆ కాయలో పీచు మాత్రం నిజంగానే ఉంది! కార్తీకమాసంలో పచ్చడికి లేతకాయలు కోసుకున్నాక రెండు మూడు కాయలు పాదునే వదిలేయండి. ముదిరి, గోధుమరంగుకి తిరిగి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అప్పుడు కోసి కాసేపు నానబెడితే తోలు ఊడివస్తుంది. గింజలు దులిపి (వచ్చే ఏటికి విత్తనాలు కూడా దొరికినట్టే), కడిగి ఎండబెట్టి, చేతికి సరిపడా ముక్కలు కోసుకోండి. మామూలు బీరకాయని ముదరనిచ్చినా పీచు వస్తుంది. గాజుగ్లాసులకీ, నాన్‌స్టిక్ పెనానికీ, మెత్తటి స్టీలు గిన్నెలకీ ఇది భేషుగ్గా ఉంటుంది. అడుగంటిన కుక్కరు మాత్రం దీనికి లొంగదు. పాతబడ్డాక మొక్కల మొదట్లో వేస్తే మట్టిలో కలిసిపోతుంది.

కొబ్బరిపీచు అయితే కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇనుప పెనానికీ, రోటికీ, కల్వానికీ దానిని మించింది లేదు. అయితే "అమ్మమ్మ కాలంలో అన్నీ మంచివే" అని నేననను. బూడిదతో రుద్ది రుద్ది గీతలు పడిన అల్యూమినియం గిన్నెలు ఎన్ని చూడలేదు! అల్యూమినియానికి బూడిద, చాకలిసోడా పడవు, నల్లబడుతుంది. చింతపండో, నిమ్మతొక్కో వేసిన నీళ్ళు కాస్త మరిగించి మెత్తటి పీచుతో తోమితే చాలు. ఇత్తడికి చింతపండు, ఉప్పు ఎప్పటిలాగే. మాడిన స్టీలు గిన్నెలో నీళ్ళు, రెండు చెంచాల తినేసోడా వేసి మరిగించి గంటసేపు వదిలేస్తే సగం పని అదే అయిపోతుంది. నానబెట్టడం కన్నా చవకైన పీచు లేదు.

చవక ఎవరి చేతికి?

ఇక అసలు మాట. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

పోయిన ఏడాది ఒక ఎగ్జిబిషన్లో స్టీలు పీచు పన్నెండు ఉండలు చాలా చవకగా వస్తుంటే కొన్నాను. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడకి అవే ఇచ్చాను. నా నాన్‌స్టిక్ పెనం, గాజుగ్లాసులు నేనే కడుక్కుంటాను కాబట్టి నా మెత్తటి పీచు పై అరలో విడిగా పెట్టుకున్నాను. అంటే అర్థమైందిగా? మంచిది నాకు, చవకది ఆవిడకి. అప్పుడు నాకు అది తప్పుగా తోచలేదు, పొదుపుగానే తోచింది.

ఒకరోజు టీ గ్లాసు అందిస్తే ఆవిడ కుడిచేత్తో తీసుకోలేదు. ఎడమచేత్తో, అదీ కొంగు అడ్డంపెట్టుకుని తీసుకుంది. "ఏమైంది?" అన్నాను. "ఏం లేదమ్మగారూ" అంది. చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ళ చివర్లన్నీ సన్నసన్నటి గాట్లు. పైన సబ్బునీళ్ళు తగిలి ఎర్రగా పాచిపోయి ఉన్నాయి. ఆ ఉండల్లోంచి తెగిన తీగముక్కలు గుచ్చుకున్నవే అన్నీ.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు కొన్నారు గదమ్మా. బాలేదని ఎట్టా చెప్పేది?"

నేనేం మాట్లాడగలను చెప్పండి? మిగిలిన ఉండలు ఆ పూటే కాగితంలో చుట్టి చెత్తలో వేశాను. అలా తెగిన తీగలు గిన్నెలో ఉండిపోయి అన్నంలోకి వచ్చినా ప్రమాదమే, గొంతులో గుచ్చుకుంటే మాటలు కాదు. కానీ నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకు ముందు గుర్తొచ్చింది మా పిల్లల గొంతు కాదు, ఆవిడ వేళ్ళే. నేను మిగుల్చుకున్న ఏ ముప్పయ్యో నలభయ్యో రూపాయలు ఆవిడ చర్మం మీదనుంచి తీసుకున్నవి.

ఆ తర్వాత పైన చెప్పిన మూడు రకాల పీచులూ కొన్నప్పుడు నా లెక్క నేను వేసుకుంటూనే, ఆవిడ చేతికిచ్చి "నీకేది బాగుందో చెప్పు" అన్నాను. రెండు వారాలు తోమి, పేరులేని 15 రూపాయలదే తీసింది. "కానీ ఇది పెద్దదమ్మా, మధ్యకి కోసియ్యండి, పిడికిట్లో ఇముడుద్ది" అంది. కోసి చూస్తే నిజమే, పట్టు బాగా కుదిరింది. ఒకటి రెండయ్యింది! గీతలు పెట్టి, భాగహారాలు వేసి నేను తేల్చింది ఆవిడ చేత్తో పట్టుకునే తేల్చేసింది. ముప్పయ్యేళ్ళుగా రోజుకి నాలుగిళ్ళ గిన్నెలు తోముతున్న మనిషిని ఒక్కమాట అడగాలని నాకు అన్నాళ్ళూ తోచలేదు. ఇప్పుడు సగంముక్కలతోపాటు ఒక జత రబ్బరు తొడుగులు కూడా సింకు పక్కన వేలాడుతుంటాయి. పండగలప్పుడు గిన్నెలు ఎక్కువున్న రోజున వేసుకుంటుంది, మిగతా రోజుల్లో "జారతాయమ్మా" అంటుంది. సరే, ఆవిడ ఇష్టం.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమంటే, చవకది కొనండి, తప్పకుండా కొనండి. పేరుకి డబ్బు పోయనక్కర్లేదు. కానీ కొన్న పీచుతో ముందు మీరే మీ చేత్తో నాలుగు గిన్నెలు తోమి చూడండి. మీ చెయ్యి ఒప్పుకుంటేనే ఇంకొకరి చేతికి ఇవ్వండి. పనిమనిషి లేని ఇళ్ళల్లో అమ్మో, కోడలో, అత్తగారో తోముతుంటారు. వాళ్ళ వేళ్ళు ఒకసారి చూడండి. పొదుపంటే ఖర్చు తగ్గడం, అది ఇంకొకరి మీదకి జరగడం కాదు.

మీ ఇంట్లో ఏ పీచు ఎన్ని రోజులు వచ్చిందో క్యాలెండరులో గుర్తు పెట్టి నాకు రాయండి. పెరట్లో నేతిబీర పాదు ఉన్నవాళ్ళు ఈసారి రెండు కాయలు ముదరనివ్వండి. వచ్చే వారం ఇంకో ముచ్చటతో కలుద్దాం. అంతవరకు సెలవు.